రుందాలె ప్రాసాదం

లాత్వియా పల్లెసీమలోని రుందాలె ప్రాసాదాన్ని కూర్లాండ్ ప్రభువు బిరోన్ కోసం వాస్తుశిల్పి రాస్ట్రెల్లి 1736లో, వంపులు తిరిగిన ఆడంబర అలంకరణకు పేరొందిన బరోక్ శైలిలో ప్రారంభించగా, 1740లో ప్రభువు పదవి పోయి ప్రవాసం పాలవడంతో ఆగిన పని ఆయన తిరిగివచ్చాక 1768 నాటికి గానీ ముగియలేదు. ప్రాసాదంలోని శ్వేతమందిరపు పైకప్పు నడుమ గచ్చుతో మలచిన కొంగగూడు ఆ రెండో విడత పనితనమే. అంతటి భవనంలో 1945 తరువాత ధాన్యం నిల్వచేశారు. ప్రభువు భోజనశాలను బడిపిల్లల వ్యాయామశాలగా మార్చారు. బడి అవసరమే, కానీ దానికి మరో చోటు చూపకపోవడం సోవియట్ పాలకుల తప్పు. కళాచరిత్రకారుడు ఇమాంత్స్ లాంత్స్‌మానిస్ సారథ్యంలో 1972లో చేపట్టిన పునరుద్ధరణ, సోవియట్ పాలన పోయి దేశం తిరిగి స్వతంత్రమైనా ఆగకుండా, 2014లో పూర్తయింది. రుందాలెను నిలబెట్టింది ఆ ఓపికే.