ఓటీపీ చెప్పేముందు

విశిష్ట సంఖ్య నమోదుకు రైతు సేవా కేంద్రానికి వెళితే ఆధార్, పాసుపుస్తకం, ఫోన్ నంబరు అడుగుతారు. ఓటీపీ వస్తుంది, చెబుతాం, పనైపోతుంది. ఆ ఓటీపీతో దేనికి ఒప్పుకున్నామో చదివి వినిపించేవారు అరుదు.

సర్వే నంబరు, విస్తీర్ణం, వేసిన పంట ఒకే సంఖ్య కిందికి చేరుతున్నాయి. దీని పేరు అగ్రిస్టాక్. 2021లోనే కేంద్ర వ్యవసాయ శాఖ డిజిటల్ వ్యవసాయం పేరిట మైక్రోసాఫ్ట్, అమెజాన్, పతంజలి, జియో వంటి సంస్థలతో ప్రయోగాత్మక ఒప్పందాలు చేసుకుంది. రేపు అప్పుల వివరాలూ ఇందులో కలిస్తే? ఎవరి దగ్గర ఎంత మిర్చి ఉందో, ఎవరి బాకీకి గడువు ముంచుకొస్తోందో కొనేవాడికి ముందే తెలిస్తే యార్డులో ఇక బేరమేముంటుంది? సరుకు ఆపుకున్న రైతుకు ఉన్న కాస్త బలం, తన అవసరం ఎదుటివాడికి తెలియకపోవడమే. (కౌలు రైతుకు ఆ గొడవే లేదు, పాసుపుస్తకం యజమానిది, నమోదూ యజమానిదే.)

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అనుమతి అడిగే నోటీసును తెలుగులోనూ పొందే వీలు కల్పించింది. సబ్సిడీల విషయంలో ప్రభుత్వానికి మాత్రం అనుమతి నుంచి వెసులుబాటు ఇచ్చింది. మన పేచీ అక్కడే.

నమోదు మానుకోమనడం లేదు. పథకం సొమ్ము ఆగితే నష్టం మనకే. షరతులు తెలుగులో చదివి వినిపించాలని, మన వివరాలు ఎవరికిచ్చారో రాసివ్వాలని గ్రామ శాఖలు ఈ నెలలోనే మండల వ్యవసాయాధికారికి వినతిపత్రాలివ్వాలి. నకలు సంఘ కార్యాలయానికి పంపండి.