వినని సభ్యులు

ధర్మశాస్త్రములు రాజును ఒంటరిగా తీర్పు చెప్పనీయలేదు. ఏడుగురో, ఐదుగురో, ముగ్గురో సభ్యులు ప్రక్కన ఉండవలెను. తెలిసియు మౌనము వహించిన సభ్యుడు పాపభాగి. ఆంగ్లేయుల జ్యూరీ దీనికి దూరపు బంధువే. 1959లో బొంబాయి నానావతి వ్యాజ్యమున తొమ్మండుగురిలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. పత్రికల ఘోష వారి చెవిని సోకలేదని ఎవరనగలరు? హైకోర్టు దానిని త్రోసిపుచ్చెను.

2020 అక్టోబరులో మహబూబాబాదున ఒక బాలుని అపహరించి చంపిరి. న్యాయస్థానము మరణదండన విధించినది 2023లో. జనగామ, భూపాలపల్లి రచ్చబండలపై తీర్పు తొలినాడే వెలువడినది. ఒక్క సాక్షినైనను వినని నోళ్ళవి! కోపము తప్పు కాదు, బిడ్డ పోయిన ఇంటికి ఆపాటి తోడైనను లేకున్న అది ఊరేల? కాని వినుటయే సభ్యుని మొదటి పని. జ్యూరీ తొలగిన ఈ దేశమున ఆ పనిని ఊరందరి బదులు న్యాయాధీశుడొక్కడే చేయుచున్నాడు.