ఇన్సులిన్ మారితే సిరంజి కూడా చూడండి
బోధన్ వైపు చెరకు కొట్టేవాళ్ళు "పెన్ను ఇన్సులినే మంచిదట కదా సిస్టర్?" అని అడుగుతుంటారు. ఖరీదైనదే మంచిదని నేను ఒప్పుకోను. 30/70 సీసా మందు అరగంట ముందు వేసుకుని, వేళకు తింటే చక్కగా పనిచేస్తుంది. చేనులో అన్నం ఎప్పుడు దొరుకుతుందో తెలియనివారికి మాత్రం, తినడానికి కూర్చున్నాక వేసుకునే కొత్తరకం మేలేమో డాక్టరుగారిని అడగండి.

నా భయం వేరు. మన దేశంలో సీసా మందు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ను మందు 100. పెన్ను మందును ఎర్రమూత 40 సిరంజిలోకి లాగితే, 20 గీత దగ్గరే 50 యూనిట్లు ఉంటాయి! చెమటలు, వణుకు, ఆపై స్పృహ తప్పడం. తెలివి ఉండగానే చక్కెర నీళ్ళు తాగించాలి. మందు మీద, సిరంజి మీద ఒకే అంకె ఉందో లేదో నిజామాబాద్ మందుల దుకాణంలోనే చూపించమనండి.