కేకు పైపూతకు కొన్న క్రీము



క్రిస్మస్ కేకు ఇంట్లో చేసుకున్నా, పైన పూసే బటర్‌క్రీమ్‌ను పట్నంలో డబ్బాగా కొనేవారున్నారు. కొనేముందు డబ్బా మీద తేదీ, పదార్థాలు చదవండి. పేరు బటర్ అయినా లోపల వెన్నకు బదులు డాల్డా వంటి కొవ్వు ఉండవచ్చు. దుకాణంలో ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని చల్లదనం పోకముందే ఇంటికి చేర్చండి. బయట అరలో ఉన్నదైనా, మూత తీశాక డబ్బా మీద చెప్పినట్లే దాచాలి.

వెన్న ఇతర వాసనలను త్వరగా పట్టుకుంటుంది. కనుక మూత బిగించి, చేపలకు, వెల్లుల్లికి దూరంగా ఫ్రిజ్‌లో ఉంచండి. వాడేముందు కాసేపు బయటపెట్టి, మెత్తబడ్డాక గిలకొట్టండి.

కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో కావలసినంతే, పండుగ ముందురోజే కొనండి. ఫ్రిజ్‌లో ఉండవలసిన క్రీము రాత్రంతా వెచ్చగా ఉండిపోతే, ఖరీదు చూడక పారవేయండి. పిల్లల ఆరోగ్యమే ముఖ్యం.