మందు వేయకపోవడం చేతగానితనం కాదు

మెట్ట ప్రాంతాల అపరాల గురించి వ్యవసాయ సదస్సుల్లోనూ విధాన పత్రాల్లోనూ ఒక మాట స్థిరపడిపోయింది. సేంద్రియ వ్యవసాయాన్ని మెచ్చుకునేవాళ్లు కూడా దాన్ని ఆలోచించకుండా వాడుతున్నారు. వానను నమ్ముకుని కంది, పెసర, ఉలవ పండించే చిన్న రైతుకు ఎరువు కొనే స్తోమత లేదు, కొన్నా నేలలో తడి చాలదు, అందుకే అతని పంట సేంద్రియమైంది అన్నది ఆ మాట. దానికి 'డిఫాల్ట్ ఆర్గానిక్' అని పేరు పెట్టారు. అంటే అందులో ఎంపిక లేదు, తెలివి లేదు, ఉన్నదల్లా లేమి ఒక్కటే అని అర్థం. అక్కడి నుంచి తర్వాతి అడుగు సులువుగా పడుతుంది: విత్తనం మేమిస్తాం, పద్ధతి మేం నేర్పుతాం, దిగుబడి అప్పుడు పెరుగుతుంది.

ఈ అభిప్రాయం తప్పు. పేదరికం లేదని నేను అనడం లేదు. పేదరికం పంట పండించదు అంటున్నాను. ఏమీ చేయకుండా వదిలేసిన మెట్ట చేనును కలుపు కమ్ముతుంది, గొంగళి పురుగు తింటుంది, ఎండు తెగులు మాడుస్తుంది. వాటిని దాటి ఇల్లు చేరిన గింజను పుచ్చు పురుగు తొలిచేస్తుంది. మందు లేకుండానే తరాల తరబడి ఆ చేను పండుతోందంటే, మందు చేయాల్సిన పనిని మరేదో చేస్తోందన్నమాట. దాని గురించి తెలుసుకోకుండా రైతుకు పాఠం చెప్పబోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

కంది, జొన్న కలిపి వేయడాన్నే తీసుకుందాం. మృగశిరలోనో ఆరుద్రలోనో రెండు జొన్న సాళ్లకు ఒక కంది సాలు పడుతుంది. కంది మొదటి రెండు నెలలూ మెల్లగా పెరుగుతుంది, ఆ కాలంలో దానికి ఎండా తడీ పెద్దగా అక్కర్లేదు. ఆ ఖాళీని జొన్న వాడుకుంటుంది. జొన్న కోత అయ్యేసరికి కంది వేరు లోతుకు దిగి ఉంటుంది. పైన తెరిపి దొరకగానే కొమ్మలు చాచి, వానలు వెనక్కి పోయాక నేల అడుగున మిగిలిన తడితో పూత పూస్తుంది, కాయ కడుతుంది. రెండు పంటలు ఒకే నేలను వేర్వేరు నెలల్లో, వేర్వేరు లోతుల్లో పంచుకుంటాయి. ఆకు రాలి నేల మీద పరుచుకుంటుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పంటకు అందిస్తాయి.

ఇక్కడితో ఆగితే ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే. కానీ కంది చేసే పని ఇంకొకటుంది. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో బిగుసుకుని ఉంటుంది, చాలా పంటల వేర్లు దాన్ని తీసుకోలేవు. కంది తీసుకోగలదు. దాని వేరు పిసిడిక్ ఆమ్లాన్ని విడుదల చేసి ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలూ అక్కడివారూ కలిసి చేసిన ఈ పరిశోధన 1990లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కంది వేసిన ఎర్ర చెలకలో మరుసటి ఏడు పంట బాగుంటుందని అంతకు ఎన్నో తరాల ముందే రైతుకు తెలుసు. ఆమ్లం పేరు అతనికి తెలియదు. కానీ ఏ నేలలో, ఏ పంట తర్వాత, ఏ పంటను నిలపాలో తెలుసు. కారణం కనిపెట్టినవారికి గౌరవం దక్కాలి. ఫలితాన్ని కనిపెట్టి నిలబెట్టుకున్నవారికీ అదే గౌరవం దక్కాలి.

ఎండు తెగులు సంగతీ ఇంతే. కంది ఒక్కటే ఏటేటా వేసిన చేలో ఆ తెగులు తెచ్చే బూజు నేలలో పేరుకుపోతుంది. జొన్నతో కలిపి వేస్తే తెగులు గణనీయంగా తగ్గుతుందని 1980ల్లో పటాన్‌చెరులోనే తేలింది. కలిపి వేసే పద్ధతిని వెనకబాటుగా చూసి, 'శాస్త్రీయంగా' ఒకే పంట వేయమని చెప్పిన సలహా ఈ లెక్కన తెగులును చేతులారా పెంచిన సలహా.

దిగుబడి తక్కువ అన్నది ఎదుటివారి బలమైన వాదన. దీన్ని తప్పించుకోను. ఎకరానికి ఇన్ని క్వింటాళ్ల కంది అని మాత్రమే కొలిస్తే మిశ్రమ పంట చేను ఓడిపోతుంది, ఎందుకంటే ఆ కొలతలో జొన్న లేదు, మధ్యలో వేసిన పెసర, బొబ్బర లేవు, పశువుకు చొప్ప లేదు, పొయ్యిలోకి కంది కట్టె లేదు. ఒక్క జొన్ననే లెక్కలోకి తెచ్చినా, జొన్న-కంది కలిపి ఒక ఎకరంలో వచ్చేదాన్ని విడివిడిగా పండించడానికి దాదాపు ఎకరన్నర కావాలని పరిశోధకులే చెప్పారు. అంతకంటే పెద్ద సంగతి 1980లో వచ్చిన మరో అధ్యయనంలో ఉంది. ఇక్రిశాట్‌కు చెందిన రావు, విల్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జొన్న-కంది ప్రయోగాల ఫలితాలను పెద్ద సంఖ్యలో కూడదీసి, ఆదాయం ఒక ప్రమాద స్థాయి కంటే కిందికి ఎన్నిసార్లు పడిపోతుందో చూశారు. కంది ఒక్కటే వేస్తే 5 ఏళ్లకు ఒకసారి, జొన్న ఒక్కటే వేస్తే 8 ఏళ్లకు ఒకసారి, రెండూ కలిపి వేస్తే 36 ఏళ్లకు ఒకసారి.

ఆ 36ను రైతు బతుకులో పెట్టి చూడండి. సేద్యం చేసే వయసంతా కలిపి ఒక్కసారి మాత్రమే గట్టిగా దెబ్బ తినడం ఒకటి, ఏడెనిమిది సార్లు దెబ్బ తిని, ప్రతిసారీ వడ్డీకి తెచ్చి మళ్లీ నిలబడడం మరొకటి. అనంతపురంలో, పాలమూరులో రైతు అడిగే ప్రశ్న ఎకరానికి ఎంత వస్తుందని కాదు, చెడ్డ ఏడు వస్తే ఏం మిగులుతుందని. పరిశోధన కేంద్రానికి నీళ్లున్నాయి, జీతాలున్నాయి, చెడ్డ ఏడు అక్కడ ఒక ప్రయోగం పోవడం మాత్రమే. అందుకే అక్కడ సగటు దిగుబడి ముఖ్యమైంది, ఇక్కడ నష్టపోయే ఏళ్ల సంఖ్య ముఖ్యమైంది. రెండో కొలత తెలివితక్కువది కాదు. మెట్టలో సరైన కొలత అదే.

వాన తప్పిన ఏడు ఏం చేయాలన్నది కూడా ఈ తెలివిలో భాగమే. పునాస పంట పోతే మఖ, పుబ్బ కార్తెల్లో ఉలవ చల్లుతారు. తక్కువ తడితో, ఎరువు అడగకుండా, గింజకూ మేతకూ అక్కరకొచ్చే పంట అది. నల్లరేగడిలో వానాకాలమంతా నేలను దున్ని సిద్ధంగా ఉంచి, చిత్త కార్తెలో శనగ వేసి, నేలలో దాగిన తడితో, చలితో పంట తీస్తారు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో నవీన శిలాయుగపు జనావాసాలను తవ్వినప్పుడు మాడిపోయిన ఉలవలు, పెసలు దొరికాయి. ఈ నేల మీద ఈ గింజలతో జనం నాలుగు వేల ఏళ్లకు పైగా బతుకుతున్నారు. కందికి అత్యంత దగ్గరి అడవి చుట్టం బస్తర్, ఒడిశా కొండల్లో, మన తూర్పు కనుమల అంచున పెరుగుతుంది. ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో 13 వేలకు పైగా కంది రకాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పల్లెల్లో రైతుల దగ్గర సేకరించినవి. తెగులు తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్త వెతికేది అక్కడే. ఆ గుణాన్ని ఏరి, దాచి, మళ్లీ వేసి అక్కడిదాకా తెచ్చినవాళ్లకు జ్ఞానం లేదని అనడం ఎట్లా కుదురుతుంది?

పురుగు దగ్గరికి వస్తే వ్యతిరేకుల గొంతు ఇంకా పెరుగుతుంది. శనగపచ్చ పురుగును మందు లేకుండా ఆపలేరంటారు. ఆ పురుగును మందుతో ఆపగలిగారా? ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో అది పైరెత్రాయిడ్ మందులకు లొంగడం మానేసిందని 1987-88లోనే నిర్ధారణ అయింది. తర్వాత మందుల సంఖ్య పెరిగింది, అప్పు పెరిగింది, పురుగు మిగిలింది. పూత దశలో ముసురు పట్టి మబ్బు వీడకపోతే ఈ పురుగు విరుచుకుపడుతుందని కంది రైతుకు తెలుసు. చెట్టు కింద పాత చీరో పట్టానో పరిచి కొమ్మలు దులిపి, రాలిన పురుగులను ఏరేస్తాడు. చేలో అక్కడక్కడా జొన్న మొక్కలు వదిలి పిట్టలకు వాలే చోటిస్తాడు. దీనికి మనుషులు కావాలి, ఒళ్లు హూనమవుతుంది, పెద్ద కమతంలో కష్టం. ఆ సంగతి దాచకూడదు. అయితే కూలి ఖర్చు పెట్టాల్సిన చోట డబ్బు సాయం చేయడం ఒక విధానం, పద్ధతే లేదనడం మరొకటి.

ఎర్ర గొంగళి పురుగు విషయం ఇంకా చెప్పుకోదగ్గది. తొలకరి గట్టి వాన పడ్డాక నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు గుంపులుగా బయటికి వస్తాయి. వచ్చిన రాత్రుల్లోనే చేలల్లో మంటలు వేస్తే అవి వెలుగుకు వచ్చి మాడిపోతాయి. ఆ రాత్రులు దాటితే గుడ్లు పెడతాయి, తర్వాత గొంగళ్లు దండుగా కదిలి మొలకలను నాకేస్తాయి. అప్పుడు చేను చుట్టూ కందకం తీసి, అందులో జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి వాటిని అక్కడే ఆపాలి. వేసవి దుక్కి లోతుగా దున్నితే కోశాలు బయటపడి పిట్టల పాలవుతాయి. ఈ పనులన్నిటిలో ఒక షరతు ఉంది: ఊరంతా కలిసి చేయాలి. ఒక్కరు మంట వేస్తే పక్క చేల పురుగు కూడా ఆ చేలోకే వస్తుంది. 1980ల చివర్లో తెలంగాణలో పురుగుమందులు లేని సస్యరక్షణ ప్రయోగాలు మొదలైంది ఈ పురుగుతోనే. సీసాలో పోసి అమ్మగల మందుకు కంపెనీ ఉంటుంది, ప్రకటన ఉంటుంది, డీలరు ఉంటాడు. ఊరు కలిసి మంట వేయడాన్ని ఎవరూ అమ్మలేరు, అందుకే దాని గురించి ఎవరూ ఊరూరా చెప్పరు. మెట్ట జ్ఞానం కంటికి కనిపించకపోవడానికి ఇది పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మరో కారణం, ఇందులో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల్లో ఉండడం. పంట కోయకముందే చేను మధ్య నుంచి, ఆరోగ్యంగా, నిండుగా కాసిన చెట్లను గుర్తుపెట్టి విత్తనం విడిగా తీస్తారు. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం బాగా జరుగుతుంది, కాబట్టి గట్టు పక్క చెట్టు కంటే చేను నడుమ చెట్టు మంచి విత్తనమిస్తుంది. పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది. అందుకే గింజను బాగా ఎండబెట్టి, ఎర్రమట్టి పట్టించో, బూడిద కలిపో, వేపాకు వేసో, ఆముదం రాసో దాస్తారు. తినే కందులను తిరగలిలో విసిరి పప్పు చేసి ఉంచుతారు, పప్పుకు ఆ పురుగు అంతగా పట్టదు. శిక్షణకు పిలిచేటప్పుడు మాత్రం పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న మగవాణ్ని పిలుస్తారు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల చేతుల్లోని ఈ జ్ఞానాన్ని ఆచరణలో నిలబెట్టి చూపింది. ఆ సంఘాల్లోని మహిళల్లో ఎక్కువమంది దళితులు. వాళ్లకు దక్కినవి కొట్టుకుపోయిన ఎర్రచెలకలు. ఆ నేలల్లోనే ఒకే చేలో పది పదిహేను రకాల పంటలు కలిపి పండించి, విత్తనాలు సొంతంగా దాచుకుని, ఒకరికొకరు అప్పుగా ఇచ్చుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. పరిశోధన కేంద్రమున్న పటాన్‌చెరు, ఈ చేలున్న జహీరాబాద్ ఒకే జిల్లాలో, ఒకే రహదారి మీద ఉన్నాయి. బయటి ప్రపంచం గుర్తించిన పనిని ఇక్కడి వ్యవసాయ శాఖ తన సిఫార్సుల పుస్తకంలోకి ఎంత తెచ్చుకుందని అడిగే హక్కు మనకుంది.

శాస్త్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1999లో వచ్చిన జేజీ 11 శనగ రకం ఎండు తెగులును తట్టుకుని, త్వరగా కోతకొచ్చి కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో రైతు చేతిలో డబ్బు పెట్టింది. అది అక్కడ నిలిచిందంటే రేగడిలో తడి కాపాడి శనగ వేయడం అక్కడివారికి ముందే వచ్చు. విత్తనం మారింది, సేద్యం వాళ్లదే. ఇక ఎరువు మానితే ముప్పేనని చెప్పడానికి, 2021లో శ్రీలంక ఒక్కసారిగా రసాయనిక ఎరువులు నిషేధించి దెబ్బతిన్న సంగతిని ప్రతి చర్చలో గుర్తుచేస్తారు. ఆ దెబ్బ ప్రధానంగా ఎరువు మీద నిలబడ్డ వరికీ తేయాకుకూ తగిలింది. గాలి నుంచి నత్రజని తెచ్చుకునే, ఎన్నడూ యూరియా మీద ఆధారపడని మెట్ట అపరాలకు ఆ ఉదాహరణ వర్తించదు.

సేంద్రియం పేరుతో నడిచే కార్యక్రమాలకూ నా అభ్యంతరం ఉంది. ఎర్రచెలకకూ రేగడికీ, అనంతపురానికీ ఆదిలాబాద్‌కూ ఒకటే ద్రావణం, ఒకటే మోతాదు, ఒకటే షెడ్యూలు పంపడం పాత ఎరువుల ప్యాకేజీ చేసిన పనే. తరాలుగా మందు ఎరగని చేనును సేంద్రియ ధ్రువీకరణ కోసం ఏళ్ల తరబడి 'మార్పిడి దశ'లో ఉంచి, రుసుము కట్టమని, రికార్డులు రాయమని ఆ రైతునే అడగడం న్యాయం కాదు.

కేంద్రం 2025 అక్టోబరులో పప్పుధాన్యాల స్వావలంబన మిషన్ ప్రకటించింది. 11,440 కోట్ల రూపాయలు, 2030-31 నాటికి 350 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం, 88 లక్షల ఉచిత విత్తన కిట్లు. అంతకు ముందు ఏడాది దేశం 70 లక్షల టన్నులకు పైగా పప్పులు దిగుమతి చేసుకుంది, కాబట్టి అవసరం నిజమే. ఆ డబ్బులో ఊరి విత్తన నిధులకు ఎంత, మిశ్రమ పంటకు ఎంత, పురుగు దులిపే కూలికి ఎంత అన్నది తేల్చాలి. ఎరువుల సబ్సిడీకి ఏటా 1.5 లక్షల కోట్లకు పైగా ఖర్చవుతోంది. సంచి కొనని రైతుకు అందులో ఒక్క రూపాయి రాదు. సంచి కొన్నవాడికి ఇచ్చేదాంట్లో కొంతైనా, కొనకుండా నేలలో నత్రజని నిలిపినవాడికి ఎకరాల లెక్కన చేతికివ్వాలి. పంట నమోదులో ఒక సర్వే నంబరు కింద ఒక ప్రధాన పంటనే చూడకుండా, చేలో ఉన్న పంటలన్నీ రాయాలి. కొనుగోలు కేంద్రంలో కందితో పాటు ఉలవనూ బొబ్బరనూ తూకం వేయాలి. కిట్లు పంచే ముందు ఆ ఊళ్లో విత్తనం దాచే ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల దగ్గర ఏ రకాలున్నాయో, ఏ నేలకు ఏది నిలుస్తుందో రాసుకోవాలి. వాళ్లు సరిపోతాయన్న చోట కిట్టు బదులు ఆ విత్తనానికే ధర కట్టి ఇవ్వాలి.