చప్పట్లు కొట్టాం సరే, చదివామా?

కొన్ని నెలల క్రితం హైదరాబాదులో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. వేదిక మీద ఐదుగురు, ఐదుగురూ పురుషులే (ఈ సంగతి చెప్పాల్సిన అవసరం ఇంకా తీరలేదు). వాళ్ళలో పేరున్న కవి ఒకాయన, ఫోన్లలో కవిత్వం రాసుకుని ఒకరికొకరు పంపుకుంటున్న ఆడవాళ్ళ గురించి ఎత్తుకున్నారు. కుక్కరు మూడు విజిల్సు వేసేలోగా ఒక కవిత తయారవుతోందనీ, నాలుగో విజిల్‌కి ముప్ఫై మంది ‘అద్భుతం’ అంటున్నారనీ, ఈ పరస్పర ప్రశంసల వల్ల తెలుగు కవిత్వం చచ్చిపోతోందనీ ఆయన బాధ. సభ ఘొల్లుమంది. నేనూ నవ్వాను. స్త్రీల శ్రమ గురించీ, స్త్రీల రాతల గురించీ ఇన్నేళ్ళుగా పరిశోధన చేస్తున్నానని చెప్పుకునే నేను కూడా నవ్వాను. ఆ నవ్వుకి సంజాయిషీగా మొదలుపెట్టిన ఈ వ్యాసం రాస్తూండగా వేరే దారి పట్టింది. ఆయనతో నాకు పేచీ ఉంది. అంతకంటే పెద్ద పేచీ ఆ ‘అద్భుతం’తో ఉంది. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కనక.

ముందు ఆయన సంగతి. కవులు ఒకరినొకరు మెచ్చుకోవడం తెలుగులో కొత్తగా వచ్చిందా? శివశంకరశాస్త్రి గారి చుట్టూ చేరిన సాహితీ సమితిలో కుర్రకవులు ఒకరి రచన ఒకరు విన్నారు, మెచ్చుకున్నారు, ధైర్యం చెప్పుకున్నారు. దాన్ని మనం భావకవిత్వ చరిత్రలో భాగంగా చదువుకుంటాం. తర్వాతి తరాలకి కాఫీ హోటళ్ళున్నాయి, హాస్టలు గదులున్నాయి, పత్రికాఫీసుల వరండాలున్నాయి. ఈ చోట్లన్నిటిలోనూ ఆడదానికి కుర్చీ ఎక్కడుంది? మగవాళ్ళు అర్ధరాత్రి దాకా ఒకరికొకరు వినిపించుకుంటే అది సాహిత్య వాతావరణం. ఆడవాళ్ళు గిన్నెలు తోముకున్నాక మధ్యాహ్నం రెండింటికి ఒకరికొకరు వినిపించుకుంటే అది భజన!

కుక్కరు మాట వచ్చింది కనక దాని లెక్క కూడా చూద్దాం. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు, పురుషులు 97 నిమిషాలు. ఆ 97 నిమిషాలైనా చేసే మగవాళ్ళు నూటికి 26 మందే. అంటే కుక్కరు పక్కన నిలబడి రాయడం ఆ స్త్రీ ఎంచుకున్న శైలి కాదు, ఆమెకి మిగిలిన చోటు అది. ఆ ఫోనైనా అందరి చేతుల్లోనూ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన 15-49 ఏళ్ళ స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, తెలంగాణలో 26.5. ఇవి పాతబడిన లెక్కలే, ఇప్పుడు పెరిగి ఉంటాయి. కానీ ఫోను ఎవరి పేరు మీద ఉంది, రీచార్జి ఎవరు చేయిస్తారు, రాత్రిపూట దాన్ని తెరిచి చూసేది ఎవరు అన్న ప్రశ్నలు పాతబడలేదు.

ఇక ప్రమాణాల గొడవ. తనకి ఛందస్సూ నిఘంటువులూ తెలియవని మొల్ల తన రామాయణం పీఠికలోనే చెప్పుకుంది. చెప్పుకుని మరీ రాసింది. 1980లలో స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు అది కవిత్వమే కాదన్నారు, శరీరాల గోల అన్నారు, ‘నీలి’ అన్నారు. ఆ నిందనే తలకెత్తుకుని 1993లో వచ్చిన సంకలనానికి ‘నీలిమేఘాలు’ అని పేరు పెట్టారు. విమల ‘వంటిల్లు’నీ, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’నీ పక్కనపెట్టి తెలుగు కవిత్వ చరిత్ర రాయడం ఇవాళ ఎవరికైనా సాధ్యమా? నేననేది ఈ ఫోన్లలో వచ్చే కవితలన్నీ అంతటివని కాదు. చాలా వాటిల్లో ఉగాది కోయిల ఉంటుంది, అమ్మ చేతి గోరుముద్ద ఉంటుంది, అరిగిపోయిన పోలికలుంటాయి. అయితే ఏం? రాయడం మొదలుపెట్టిన మగవాడు ఇంతకంటే బాగా రాశాడా?

ఇంతవరకు మన పాఠకులు నాతో ఏకీభవిస్తారని తెలుసు. ఇక్కణ్ణించి కష్టం.

ఏడాదిన్నరగా నేను రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాను. పరిశోధన చేసే మనిషినని ముందే చెప్పి చేరాను. ఎక్కువమంది స్త్రీలే. అడ్మిన్లు మాత్రం రిటైరైన పెద్దమనుషులు. వారానికో అంశం ఇస్తారు, ఒక్కోసారి బొమ్మ ఇస్తారు. నానీలు, వచన కవితలు, అప్పుడప్పుడూ ఆటవెలదులు వస్తాయి. గోపీ గారు 1997లో మొదలుపెట్టిన నానీ రూపం ఇంతమంది గృహిణుల చేతికి ఇంత తేలిగ్గా అందిందంటే కారణముంది. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. పాలు పొంగేలోపు మనసులో కట్టేసుకోవచ్చు. ఆదివారం ప్రశంసాపత్రాలు వస్తాయి. యాభై ఏళ్ళు దాటిన ఒకావిడ తన మొదటి ప్రశంసాపత్రాన్ని ప్రింటు తీయించి దేవుడి గదిలో పెట్టుకున్నారు. పెళ్ళి శుభలేఖ మీద తప్ప తన పూర్తి పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి అన్నారు. దీన్ని చూసి నవ్వేవాళ్ళని నేను క్షమించలేను.

కానీ ఆ మెప్పుకి ఒక ఖరీదుంది. ఏ గ్రూపులో చూసినా నియమాల్లో ఒక వాక్యం ఉంటుంది: రాజకీయ, కుల, మత, వివాదాస్పద, వ్యక్తిగత విషయాలు వద్దు. బాగా చూడండి. కులం వద్దంటే దళిత స్త్రీ ఏం రాయాలి? వ్యక్తిగతం వద్దంటే అసలు స్త్రీ ఏం రాయాలి? నల్గొండ వైపు నుంచి ఒకామె తన యాసలో రాసిన కవితని ఒక పెద్దాయన ‘చిన్న సవరణలతో’ తిరిగి పెట్టారు. ‘ఏడికి’ పోయి ‘ఎక్కడికి’ వచ్చింది, ‘గిట్ల’ పోయి ‘ఇలా’ వచ్చింది. ఆమె ధన్యవాదాలు చెప్పింది. మర్నాటి నుంచి ఆ సవరించిన భాషలోనే రాస్తోంది. ‘నల్లపొద్దు’ కోసం 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు వెతికి తెచ్చిన గోగు శ్యామల చేసిన పని ఏమిటో నాకు ఆ రోజు ఇంకాస్త బాగా అర్థమయింది.

ఇక అసలు విషయం. కోస్తా జిల్లాల్లో ఒక చిన్న ఊరు నుంచి ఒకామె రోజూ రాసేవారు. ఊరు చెప్పను. ఒక రోజు ఆమె కవితలో, ఎడమచేత్తో బియ్యం కొలుస్తున్న స్త్రీ ఉంది. కుడి మణికట్టు ఎందుకు వాచిందో కవితలో లేదు. గాజులు ఆ వారం కొత్తవి వేసుకోలేదని మాత్రం ఉంది. ముప్ఫై ఏడు మంది మెచ్చుకున్నారు. పువ్వుల బొమ్మలు, దండం పెట్టే చేతులు. ఒకాయన అంత్యప్రాస సరిచేశారు. నేను ‘పదచిత్రం చాలా బాగుందండీ’ అని రాశాను. సోషియాలజీలో డాక్టరేట్ తీసుకుని, గృహహింస మీద వర్క్‌షాపులు నడిపి, నేను చూసింది పదచిత్రం!

మూడు వారాల తర్వాత ఆమె ఇంకో కవిత పెట్టారు. ఈసారి ‘మా ఆయన’ అన్న మాట ఉంది. పది నిమిషాల్లో అడ్మిన్ దాన్ని తీసేశారు. ‘వ్యక్తిగత విషయాలు వద్దని మనవి’ అని కింద ఒక వాక్యం. అంతకు ముందు రోజు దాకా ఆమెని సోదరీ అనీ, అక్కయ్యా అనీ పిలిచినవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పుడు నేను రైల్లో ఉన్నాను, సిగ్నల్ లేదు. ఇలా చెప్పుకోవచ్చు. కానీ రాత్రికి సిగ్నల్ వచ్చింది, అప్పుడూ నేను రాయలేదు. మర్నాడు ఉదయం ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక చిన్న గీత కనబడింది. దాని కింద ఆ రోజు అంశం: ‘వసంత శోభ’.

నాలుగు రోజులకి ఫోన్ చేశాను. ఆమె మాటలో కోపం లేదు.

“ఇన్నాళ్ళూ బాగుంది బాగుంది అన్నారు కదా మేడమ్. చదివే అన్నారనుకున్నానండీ.”

నాకు ఏం చెప్పాలో తోచక, మన సంస్థ కౌన్సెలింగ్ కేంద్రం నంబరు ఇస్తానన్నాను.

“నంబర్లు నా దగ్గర ఉన్నాయండీ. 181 కూడా తెలుసు. అది అవసరమైనప్పుడు నేనే చేసుకుంటాను. నేను పంపింది కంప్లయింటు కాదు మేడమ్, కవిత. దాని గురించి ఒక్కళ్ళయినా ఒక మాట మాట్లాడతారేమో అని చూశాను.”

ఈ మాట మన కార్యకర్తలకి మింగుడుపడదు, నాకూ పడలేదు. మనకి స్త్రీ దుఃఖం వినబడితే చాలు, కేసు ఫైలు తెరుస్తాం. ఆ పెద్దమనుషులు ఆమె కవితలోంచి బతుకుని తీసేయమన్నారు, నేను ఆమె బతుకులోంచి కవితని తీసేశాను. ఇద్దరమూ ఆమె రాసింది చదవలేదు.

ఆడదాని రాతని ఇంకో ఆడది వెన్నుకాయడమంటే ఏమిటో మన చరిత్రలోనే ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ని వీరేశలింగం గారు అశ్లీలమని ఈసడించారు. బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని వెతికి, ఎవరో కత్తిరించిన పద్యాలతో సహా 1910లో అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఒక దేవదాసి రాసిన కావ్యం కోసం ఇంకో దేవదాసి పడిన తగవు ఇది. నాగరత్నమ్మ ‘అద్భుతం’ అని ఊరుకోలేదు. పుస్తకానికి కష్టం వచ్చినప్పుడు పక్కన నిలబడింది. ఆ రాత్రి నేను రాయవలసిందల్లా ఒక్క వాక్యం, ‘ఆ కవిత ఎందుకు తీసేశారు?’ అని. నాగరత్నమ్మ చేసిన దానితో పోలిస్తే అదెంత?

ప్రోత్సాహం పేరుతో ఇంకా చాలా జరుగుతున్నాయి. సంకలనంలో చోటుకి ఇంత అని డబ్బు వసూలు చేసి, శాలువా కప్పి, బిరుదులిచ్చే వ్యాపారం ఒకటి. దాని గురించి వేరే ఎవరైనా రాస్తే బాగుంటుంది. రాత్రి పదకొండుకి ‘మీ కవితలో మీరే కనిపించారు’ అని విడిగా సందేశాలు పంపే అభిమానులు ఇంకొకటి. వద్దని చెప్పినా వెంటపడటం 2013 నుంచి నేరం. అప్పుడు ఐపీసీ 354డి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. నేను అడిగిన స్త్రీలలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. చట్టం తెలియక కాదు. ఫిర్యాదు సంగతి ఇంట్లో తెలిస్తే ముందు పోయేది ఆ మగవాడి పరువు కాదు, ఈమె చేతిలోని ఫోను.

మన సంస్థల సంగతికి వస్తాను. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచి సారా మీద తిరగబడ్డ స్త్రీల పాటలని మనకంటే ముందు తరం వాళ్ళు కళ్ళకద్దుకున్నారు. అప్పుడు నేను బడిపిల్లని. ఆ పాటల్లో ఎవరైనా యతిప్రాసలు వెతికారా? మరి ఇప్పుడు ఈ గృహిణుల కవితల దగ్గరికి వచ్చేసరికి మనం ఎందుకు విమర్శకులమైపోతున్నాం? వాళ్ళు ఊరేగింపులో లేరనా? వాళ్ళ కవితల్లో వరలక్ష్మీ వ్రతం ఉందనా? మన పత్రికకి వచ్చిన ఇలాంటి కవితల్ని ‘ప్రచురణకి స్వీకరించలేకపోతున్నాం’ అని తిప్పిపంపిన ఉత్తరాల్లో నా సంతకం ఉన్నవి ఉన్నాయి. ఎందుకు స్వీకరించలేదో ఒక్కదాంట్లో కూడా రాయలేదు. ఆ పెద్దమనిషి చెరిపేసిన పద్ధతికీ నా పద్ధతికీ మర్యాదలో తప్ప తేడా ఏముంది?

వాళ్ళకి కవిత్వం నేర్పే శిబిరాలు పెడదామని దయచేసి ఎవరూ అనకండి. నేననేది వేరు. మన కార్యకర్తల్లో ఇలాంటి గ్రూపుల్లో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు తెలుసు. ఏదైనా కవిత మాయమైతే ఎందుకు తీశారని అందరి ముందూ అడగండి. ఆ నియమాల్లోంచి ‘వ్యక్తిగత’ అన్న మాట కొట్టేయమని పట్టుబట్టండి. వినకపోతే బయటికొచ్చి స్త్రీలే నడిపే గ్రూపు పెట్టుకోవడానికి సాయపడండి. పువ్వు బొమ్మ పెట్టే ముందు ఆ కవితలో ఒక్క పాదం ఎత్తి, దాని గురించి ఒక మాట రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి, అది కూడా చదివినట్టే. ఈ పత్రికలో వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు ఈ కవితలకి ఇవ్వాలనీ, తిప్పిపంపితే కారణం రాసి పంపాలనీ సంపాదకవర్గాన్ని కోరాను. ఇంకా తేలలేదు.

ఆమె ఇప్పుడు కవితల్ని నోటుబుక్కులో రాస్తున్నారు. పక్కింటి అమ్మాయి ఫోనుతో ఫొటో తీయించి అప్పుడప్పుడూ నాకు పంపుతారు. మొన్న వచ్చినది చీమల గురించి. పంచదార డబ్బా, దాని చుట్టూ నీళ్ళ పళ్ళెం, దాన్ని దాటబోయే చీమలు. మూడో పాదం దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకు ఆగానో, అక్కడ ఏ మాట అడ్డుపడిందో నాలుగు వాక్యాలు రాసి పంపాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: “అవునండీ, అక్కడ నాకూ కుదరలేదు. మళ్ళీ చూస్తాను.”