పియర్సన్ నామినేషన్: అడగవలసింది ఎవరిని?

మణికొండలో మా పై అంతస్తు దంపతులు మొన్న తమ అమ్మాయితో వచ్చారు. పన్నెండో తరగతి. టొరంటో విశ్వవిద్యాలయం ఇచ్చే లెస్టర్ బి. పియర్సన్ స్కాలర్‌షిప్‌కు పాఠశాల ఆమె పేరు పంపుతానన్నదట. "ఒప్పుకోమంటారా డాక్టరుగారూ?" అని తండ్రి అడిగారు. అమ్మాయి ఆవులిస్తూ కూర్చుంది.

అది చిన్న అవకాశమేమీ కాదు. నాలుగేళ్ళ ఫీజులు, పుస్తకాలు, వసతి అన్నీ అందులోనే. ఏటా ప్రపంచమంతటి నుంచి ఎంపికయ్యేది సుమారు 37 మంది. ఒక్కో పాఠశాల పంపగలిగేది ఒక్కరినే. ప్రయత్నించవద్దని నేననను. అయితే బోర్డు పరీక్షలు, జేఈఈ శిక్షణ, వాటిపైన ఈ వ్యాసాల రచన కలిసి ఆమె నిద్రను ఐదు గంటలకు దించాయి. ఆ వయసువారికి 8 నుంచి 10 గంటలు అవసరం. నిద్ర చాలకపోతే చదివినది జ్ఞాపకంలో నిలవదు. తెల్లవారుజామున కాఫీతో రాసిన వ్యాసమూ పేలవంగానే ఉంటుంది.

జేఈఈ, నామినేషన్లలో ఒకటి వదలుకోవాలని నా అభిప్రాయం. నామినేషన్ వద్దనుకున్నా అక్కడ ప్రవేశానికి మామూలు దరఖాస్తు ఉండనే ఉంది. ఖర్చు మాత్రం తల్లిదండ్రులదే. ఏది వదలాలో తండ్రి కాదు, ఆమె చెప్పాలి. అడిగాను.

"రెండు రోజులు నిద్రపోయి చెబుతాను తాతగారూ" అంది.